భూమి ఎవరి పేరు మీదికి మారింది? మధ్యయుగ ఇంగ్లండ్ ప్రభువుల వంశవృక్షం కట్టే పద్ధతి

1314 జూన్ 24న స్కాట్లండ్‌లోని బానక్‌బర్న్ యుద్ధంలో గ్లాస్టర్ ఎర్ల్ (ఎర్ల్ అంటే పెద్ద ప్రభువు బిరుదు) గిల్బర్ట్ డి క్లేర్ చనిపోయాడు. వయసు 23. బతికున్న పిల్లలు లేరు. ఇంగ్లండ్, వేల్స్, ఐర్లండ్ మూడు చోట్లా భూములు, ఏటా సుమారు 6,000 పౌండ్ల రాబడి. వెనకాల ముగ్గురు సొంత చెల్లెళ్ళు, తండ్రి మొదటి భార్యకు పుట్టిన సవతి అక్కలు, వీళ్ళందరూ కాక "నేను కడుపుతో ఉన్నాను" అంటున్న భార్య. ఇప్పుడు ఆస్తి ఎవరిది?

ఈ లెక్క తేలడానికి మూడేళ్ళు దాటింది. ఈ కుటుంబంలో ఎవరు ఎవరికి ఏమవుతారో ఇవాళ మనకు ఇంత వివరంగా తెలియడానికి ఆ గొడవే పెద్ద కారణం. ఇంగ్లండ్‌లో పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు చర్చి రిజిస్టర్లో రాయాలన్న ఆజ్ఞ 1538లో వచ్చింది. అంతకు ముందు అలాంటి రిజిస్టర్లు లేవు. ఉన్నవల్లా ఆస్తి కాగితాలే. స్థలం కొనేముందు లింకు డాక్యుమెంట్లు ఒక్కొక్కటే వెనక్కి తిరగేస్తామే, అచ్చం ఆ పనే ఇది. మనిషిని వెతికితే దొరకడు. భూమి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో చూస్తే, ఆ రెండు చేతుల మధ్య చుట్టరికం తనంతట తానే బయటపడుతుంది.

ఈ మార్గదర్శి మొత్తానికీ క్లేర్ కుటుంబాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాను. పద్ధతి మోర్టిమర్లకైనా, బోహన్లకైనా, బర్క్‌లీలకైనా ఒకటే.

## మొదట ఒక్క ప్రశ్న పెట్టుకోండి

"క్లేర్ వంశం మొత్తం రాస్తాను" అని కూర్చుంటే ఏళ్ళు గడిచినా తెమలదు. చిన్న ప్రశ్నతో మొదలుపెట్టండి. మన ప్రశ్న ఇది: గిల్బర్ట్ మూడో చెల్లెలు ఎలిజబెత్‌కు వచ్చిన వాటా చివరికి ఎవరికి చేరింది?

కుటుంబాన్ని ఎంచుకునేటప్పుడు ఒక్క సంగతి చూసుకోండి. వాళ్ళు రాజు దగ్గర నేరుగా భూమి పొందినవాళ్ళై ఉండాలి. అలాంటి వాళ్ళు చనిపోగానే రాజు మనుషులు వచ్చి లెక్కలు రాసుకునేవారు. మధ్యలో మరో ప్రభువు కింద భూమి పెట్టుకున్న చిన్న నైట్ల కుటుంబాలకు ఈ సౌకర్యం చాలావరకు ఉండదు. మొదటిసారి చేసేవాళ్ళు వాటి జోలికి పోకపోవడం మంచిది.

## అస్థిపంజరం కోసం కంప్లీట్ పీరేజ్

జి. ఇ. కొకేన్ మొదలుపెట్టిన 'కంప్లీట్ పీరేజ్' రెండో కూర్పు 1910 నుంచి 1959 వరకు సంపుటాలుగా వచ్చింది. ముందు దాన్ని తెరవండి. ఏ బిరుదు ఎవరి తర్వాత ఎవరికి వచ్చిందో వరుసగా ఉంటుంది. పై భాగం గబగబా చదివేసి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న ఫుట్‌నోట్ల దగ్గర ఆగండి. అసలు సరుకు అక్కడే ఉంది. ఏ రికార్డు చూసి ఆ మాట రాశారో చెప్పేది ఫుట్‌నోటే. వాటిని ఒక కాగితం మీద దించుకుంటే మీ పని జాబితా తయారైనట్టే.

దీనికి ఒక లోటు ఉంది. ఇది బిరుదు వెంట నడిచే పుస్తకం. బిరుదు రాని తమ్ముళ్ళు, ఆడపిల్లలు చాలాసార్లు కనిపించరు. పైగా బిరుదు ఉన్న ప్రతివాడూ ఆ వంశంవాడు కాదు. 1300లో "గ్లాస్టర్ ఎర్ల్" అని రికార్డుల్లో కనిపించే రాల్ఫ్ డి మాంథర్మర్ క్లేర్ రక్తం కాదు. గిల్బర్ట్ తల్లి జోన్, అంటే మొదటి ఎడ్వర్డ్ రాజు కూతురు, 1295లో మొదటి భర్త పోయాక 1297లో రహస్యంగా పెళ్ళాడిన మనిషి. ఆమె హక్కు మీద ఆమె బతికున్నన్నాళ్ళు, అంటే 1307 వరకు, అతన్ని ఎర్ల్ అన్నారు.

ఆన్‌లైన్ వంశవృక్షాల సైట్ల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. సూచన కోసం చూడండి, సాక్ష్యంగా వాడొద్దు. ఒకరు చేసిన తప్పును వందమంది కాపీ కొట్టుకుంటే అది వంద సాక్ష్యాలు అవదు.

## తేదీల లెక్క ముందే సరిచేసుకోండి

ఇక్కడ తడబడితే తర్వాత అన్నీ తడబడతాయి. ఆనాటి రికార్డుల్లో 1314 అని ఉండదు. "ఎడ్వర్డ్ రాజు ఏలుబడి ఏడో ఏట, బాప్టిస్ట్ సెయింట్ జాన్ పండుగ తర్వాతి సోమవారం" అన్న ధోరణిలో ఉంటుంది. రెండో ఎడ్వర్డ్ ఏలుబడి 1307 జూలై 8న మొదలు. కాబట్టి అతని ఏడో ఏడు 1313 జూలై 8 నుంచి 1314 జూలై 7 దాకా. బానక్‌బర్న్ ఏడో ఏట జరిగింది. గిల్బర్ట్ ఆస్తి లెక్కలు ఎనిమిదో ఏటి కట్టలో ఉంటాయి. మొదటి ఎడ్వర్డ్‌కు ఏడు నవంబరు 20న మారుతుంది. జాన్ రాజుతో మరీ తలనొప్పి. ఆయన పట్టాభిషేకం క్రీస్తు స్వర్గారోహణ పండుగనాడు జరిగింది, ఆ పండుగ తేదీ ఏటేటా మారుతుంది, దాంతోపాటు ఆయన ఏలుబడి సంవత్సరం మొదలయ్యే రోజూ మారుతుంది. రాజుల ఏలుబడి సంవత్సరాల పట్టిక ఒకటి ప్రింటు తీసుకుని గోడకు అంటించుకోండి.

రెండో చిక్కు కొత్త సంవత్సరం. ఇంగ్లండ్‌లో 1752 వరకు సంవత్సరం మార్చి 25న మారేది. దీని వల్ల ఎలాంటి గందరగోళం వస్తుందో మన ఎలిజబెత్ జీవితంలోనే ఉంది. 1316 మొదట్లో ఆమెను బ్రిస్టల్ కోట నుంచి థియోబాల్డ్ డి వెర్డన్ ఎత్తుకుపోయి పెళ్ళి చేసుకున్నాడు. అదే ఏడు జూలైలో అతను చచ్చిపోయాడు. వాళ్ళ కూతురు ఇసబెల్లా పుట్టింది మార్చి 21న. పాత లెక్కలో అది ఇంకా 1316. ఆ అంకెను ఉన్నదున్నట్టు ఎక్కించేస్తే పెళ్ళైన కొన్ని వారాలకే పిల్ల పుట్టినట్టు, తండ్రి అప్పటికి బతికే ఉన్నట్టు తేలుతుంది. నిజానికి అది మన లెక్కలో 1317 మార్చి. తండ్రి పోయిన ఎనిమిది నెలలకు పుట్టిన బిడ్డ. అందుకే జనవరి 1 నుంచి మార్చి 24 లోపు తేదీలన్నీ నోట్సులో 1316/17 అని రెండు అంకెలూ వేసి రాసుకోండి.

## మరణానంతర విచారణలు: పనికి గుండెకాయ

రాజు దగ్గర నేరుగా భూమి ఉన్నవాడు చనిపోతే, రాజు కార్యాలయం నుంచి ఎస్చీటర్ అనే అధికారికి ఆజ్ఞ వెళ్ళేది. అతను ప్రతి కౌంటీలో ఊరి పెద్దమనుషులను జ్యూరీగా కూర్చోబెట్టి ప్రమాణం చేయించి అడిగేవాడు: ఏ భూమి ఉంది, ఎవరి కింద ఉంది, ఏం సేవ చేయాలి, ఏడాదికి ఎంత వస్తుంది, ఏ రోజు చనిపోయాడు, దగ్గరి వారసుడు ఎవరు, వయసెంత. 13వ శతాబ్దపు తొలి సగం నుంచి 17వ శతాబ్దం దాకా ఇవి నడిచాయి. అసలు తోలుపత్రాలు లండన్‌ దగ్గర క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అక్కడి కట్టల గుర్తుల్లో సి 132 అంటే మూడో హెన్రీ కాలం, సి 133 మొదటి ఎడ్వర్డ్, సి 134 రెండో ఎడ్వర్డ్, సి 135 మూడో ఎడ్వర్డ్, అలా వరుస. వీటి ఇంగ్లిష్ సారాంశాలు సంపుటాలుగా అచ్చయ్యాయి. పాతవి చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనో బ్రిటిష్ హిస్టరీ ఆన్‌లైన్‌లోనో ఇంట్లో కూర్చునే చదవొచ్చు. గిల్బర్ట్ విచారణలు అయిదో సంపుటంలో ఉన్నాయి.

ఒక మనిషికి ఒకే విచారణ ఉంటుందనుకోకండి. ఎన్ని కౌంటీల్లో భూమి ఉంటే అన్ని జ్యూరీలు. అన్నీ చదవాలి, ఎందుకంటే అన్నీ ఒకే మాట చెప్పవు. గిల్బర్ట్ విషయంలో కొన్ని జ్యూరీలు మూడో చెల్లెలి పేరు ఎలిజబెత్ అని కాకుండా ఇసబెల్ అని చెప్పాయి. ఆ రోజుల్లో ఈ రెండు పేర్లూ ఒకదానికొకటి వాడుకలో ఉండటం ఒక కారణం కావచ్చు. చిక్కేమిటంటే ఒక సవతి అక్క పేరు కూడా ఇసబెల్లే. 1262లో పుట్టింది, తండ్రి మొదటి భార్య ఆలిస్ డి లుసిన్యాన్ కూతురు. ఒక్క కౌంటీ పత్రం చదివి ఆపేసినవాడు ఆస్తి సవతి అక్కకు వచ్చిందని వంశవృక్షంలో గీసేస్తాడు.

ఆమెకు ఎందుకు రాదో తెలియాలంటే ఇంకో కాగితం చూడాలి. తండ్రి "ఎర్ర గిల్బర్ట్" 1290లో రాజు కూతురు జోన్‌ను పెళ్ళాడే ముందు తన భూములన్నీ రాజుకు అప్పజెప్పి, తనకూ జోన్‌కూ కలిపి, వాళ్ళిద్దరికీ పుట్టే సంతానానికి చెందేలా తిరిగి రాయించుకున్నాడు. దాంతో మొదటి పెళ్ళి కూతుళ్ళు పక్కకు పోయారు. రాజు అల్లుడి దగ్గర ఎంత గట్టిగా బేరమాడాడో ఆ ఒప్పందంలో కనిపిస్తుంది. వారసత్వం మామూలు దారి తప్పి నడిచినప్పుడల్లా వెనకాల ఇలాంటి ఒప్పందం ఏదో ఉందని అనుమానించండి.

విచారణల్లో వయసును మాత్రం నమ్మకండి. "30 ఏళ్ళు, ఆపైన" అని ఉంటే మేజరయ్యాడని అర్థం, అంతకు మించి ఏమీ లేదు. 21 లోపు వయసులు మాత్రం కాస్త శ్రద్ధగా చెప్పేవారు. మైనరైతే భూమి రాజు చేతిలోకి పోతుంది గనక అక్కడ డబ్బు ఉంది. భూమి విలువలు చాలాసార్లు తక్కువ చేసి చెప్పినవే.

## విచారణ తర్వాత ఏం జరిగిందో వదలకండి

చాలామంది విచారణ దొరకగానే పని అయిపోయిందనుకుంటారు. వారసుడని జ్యూరీ చెప్పడం వేరు, భూమి చేతికి రావడం వేరు. ఆ రెండో సంగతి రాజు కార్యాలయపు తోలుచుట్టల్లో, అంటే ఫైన్ రోల్స్‌లో, క్లోజ్ రోల్స్‌లో ఉంటుంది. వారసుడి నుంచి రాజు ప్రమాణం తీసుకుని భూమి అప్పగించమన్న ఆజ్ఞలు, వితంతువుకు ఇవ్వాల్సిన మూడో వంతు, అక్కచెల్లెళ్ళ మధ్య పంపకాలు అక్కడ దొరుకుతాయి. మంజూరులు, క్షమాపణలు, పెళ్ళికి అనుమతులు పేటెంట్ రోల్స్‌లో చూడాలి.

ఇంగ్లండ్ చట్టంలో కొడుకులుంటే పెద్దవాడికే అంతా. కొడుకులు లేకపోతే మాత్రం ఆడపిల్లలందరికీ సమాన వాటాలు. గిల్బర్ట్ చెల్లెళ్ళు ముగ్గురు కాబట్టి మూడు వాటాలు. అయితే భార్య మాటిల్డా (కొన్ని సంపుటాల్లో మాడ్ అని ఉంటుంది) గర్భవతినని చెప్పింది. బిడ్డ పుడితే చెల్లెళ్ళకు చిల్లిగవ్వ రాదు. నెలలు గడిచాయి, ఏడాది దాటింది, బిడ్డ రాలేదు. పెద్ద చెల్లెలు ఎలినోర్ భర్త హ్యూ డిస్పెన్సర్ తన భార్య వాటా ఇమ్మని కోర్టుకెక్కాడు. అనుమానం ఉంటే మంచి నడతగల ఆడవాళ్ళతో కడుపు పరీక్ష చేయించే ఆజ్ఞ తెచ్చుకోవాల్సింది, తెచ్చుకోలేదు కాబట్టి తప్పు నీదే అన్నట్టుగా అతనికి జవాబొచ్చింది. పోయిన భర్త బిడ్డను రెండేళ్ళకు పైగా మోస్తున్నానన్న మాటను రాజు కోర్టు పైకి గంభీరంగానే వింటూ కూర్చుంది. రాజుకు తొందరేముంది? పంపకం కానంతకాలం ఆ 6,000 పౌండ్ల ఆస్తి తన చేతిలోనే.

ఈలోగా రాజు తన ఆంతరంగికులకు సంబంధాలు కుదిర్చాడు. రెండో చెల్లెలు మార్గరెట్ మొదటి భర్త పియర్స్ గావెస్టన్‌ను 1312లోనే చంపేశారు. 1317లో ఆమెను హ్యూ ఆడ్లీకి ఇచ్చారు. అదే ఏడు ఎలిజబెత్‌ను రోజర్ డామరీకి ఇచ్చారు. ఆ తర్వాతే, 1317 నవంబరులో, పంపకం జరిగింది. గ్లామోర్గన్ ఎలినోర్ భర్తకు, న్యూపోర్ట్ మార్గరెట్ భర్తకు, అస్క్, క్లేర్ (ఇక్కడ ఇది ఊరి పేరు) ఎలిజబెత్ భర్తకు. 1320లో మాటిల్డా పోయాక ఆమె మూడో వంతు మళ్ళీ ముగ్గురికీ పంచారు. వంశవృక్షం కట్టేవాడికి పంపకపు జాబితాను మించిన సాక్ష్యం లేదు. ముగ్గురు ఆడవాళ్ళు, ముగ్గురు భర్తలు, ఏ ఊరు ఎవరిదో అన్నీ ఒక్కచోట. ఇకమీద అస్క్ కోట ఎవరి చేతిలో కనిపిస్తే అక్కడ ఎలిజబెత్ వారసుల జాడ ఉందన్నమాట.

ఒక్క జాగ్రత్త. 1322లో డిస్పెన్సర్ బలవంతం చేసి అస్క్‌ను లాక్కున్నాడు, 1326లో అతని పతనం దాకా అది ఎలిజబెత్‌ది కాదు. భూమి చేతులు మారిన ప్రతిసారీ చుట్టరికం ఉండాలని లేదు. దౌర్జన్యం, రాజద్రోహం కింద జప్తు, అమ్మకం కూడా ఉంటాయి. భూమి "ఎలా" వచ్చిందో చెప్పే మాట దొరికేదాకా గీత గీయకండి.

## ఆడవాళ్ళ పేర్లు, ఒకే పేరు ఉన్నవాళ్ళు

ఎలిజబెత్ మూడు పెళ్ళిళ్ళు చేసుకుంది. 1308లో జాన్ డి బర్గ్, 1316లో వెర్డన్, 1317లో డామరీ. ఆఖరి భర్త 1322లో పోయాక 38 ఏళ్ళు మళ్ళీ పెళ్ళి లేకుండా బతికింది. అయినా రికార్డుల్లో ఎక్కువగా ఎలిజబెత్ డి బర్గ్, క్లేర్ దొరసాని అనే కనిపిస్తుంది. వితంతువులు అందరిలోకీ హోదా ఎక్కువున్న భర్త పేరో, తమకు బాగా నచ్చిన పేరో ఉంచుకోవడం మామూలే. "డామరీ" అని వెతికితే ఆమె జీవితంలో పెద్ద భాగం మీకు దొరకదు.

అసలు సమస్య ఇప్పుడు చూడండి. ఒకే వందేళ్ళలో ముగ్గురు ఎలిజబెత్ డి బర్గ్‌లున్నారు.

ఒకామె స్కాట్లండ్ రాణి, రాబర్ట్ బ్రూస్ భార్య, అల్‌స్టర్ ఎర్ల్ రిచర్డ్ డి బర్గ్ కూతురు, 1327లో పోయింది. ఇంకొకామె మన క్లేర్ దొరసాని, అదే రిచర్డ్ కొడుకు జాన్‌ను పెళ్ళాడి ఆ ఇంటి పేరు తెచ్చుకుంది, 1360లో పోయింది. మూడో ఆమె దొరసాని మనవరాలు, అల్‌స్టర్ వారసురాలు, 1332లో పుట్టి 1363లో పోయింది. చనిపోయిన గిల్బర్ట్ భార్య మాటిల్డా కూడా ఆ రిచర్డ్ కూతురే. అంటే బానక్‌బర్న్‌లో గిల్బర్ట్ ఎదురుగా నిలబడి పోరాడింది సొంత తోడల్లుడు రాబర్ట్ బ్రూస్‌తో. ఇంగ్లిష్ పుస్తకాలు దీన్ని ఏదో "బ్రదర్ ఇన్ లా" అని సరిపెట్టేస్తాయి. మనం నోట్సులో తోడల్లుడు, బావమరిది, మరిది అని విడివిడిగా రాసుకుంటే సగం అయోమయం అక్కడే పోతుంది.

ఒకే పేరున్నవాళ్ళను విడదీయడానికి దారి ఒకటే. ప్రతి ప్రస్తావనకూ మూడు విషయాలు కట్టండి: తేదీ, ఊరు, పక్కన ఉన్న మనిషి. మూడూ కలిసినప్పుడే ఇద్దరు ఒకరే అని తేల్చండి.

క్లేర్ మగవాళ్ళూ తక్కువ తినలేదు. రిచర్డ్, గిల్బర్ట్, రిచర్డ్, గిల్బర్ట్ అని తరతరాలు అవే రెండు పేర్లు తిప్పారు. 1136లో వేల్స్‌లో హతమైన రిచర్డ్ ఒకడు. ఐర్లండ్ మీదికి వెళ్ళి 1176లో చనిపోయిన "స్ట్రాంగ్‌బో" రిచర్డ్ పెంబ్రోక్ శాఖవాడు. 1215లో రాజు అధికారానికి హద్దులు పెట్టిన మాగ్నా కార్టా పత్రం అమలు చూడడానికి నియమించిన 25 మంది బారన్లలో ఉన్న రిచర్డ్ మరొకడు, అతని కొడుకు గిల్బర్ట్ కూడా ఆ 25 మందిలోనే ఉన్నాడు. ఆ గిల్బర్ట్ పెళ్ళాడింది స్ట్రాంగ్‌బో మనవరాలు ఇసబెల్ మార్షల్‌ను. ఆమె తల్లి పేరు ఇసబెల్ డి క్లేర్. ఇక చెప్పేదేముంది, ప్రతి మనిషికీ చనిపోయిన సంవత్సరం పేరు పక్కన తగిలించి రాయడం అలవాటు చేసుకోండి: గిల్బర్ట్ (మ. 1230), గిల్బర్ట్ (మ. 1295), గిల్బర్ట్ (మ. 1314).

## వయసు నిరూపణలు

మైనరు వారసుడు 21 ఏళ్ళు నిండాక భూమి అడగాలంటే వయసు రుజువు చేయాలి. ఆడపిల్లకు పెళ్ళైతే 14, కాకపోతే 16. జ్యూరీలో ఒక్కొక్కరూ ఆ బిడ్డ పుట్టిన రోజు తమకెందుకు గుర్తుందో చెప్పేవారు. ఆ రోజు నా కొడుక్కి బాప్టిజం అయింది, గుర్రం మీంచి పడి కాలు విరిగింది, కొత్త ఇల్లు కట్టాను. చదవడానికి భలే ఉంటాయి. కాని అవే కాళ్ళు, అవే గుర్రాలు వేరే కౌంటీలో వేరే వారసుడి కోసం మళ్ళీ విరగడం చూస్తే, గుమాస్తాలు అచ్చు పెట్టుకుని రాసేవారేమో అనిపిస్తుంది. పుట్టిన ఊరు, బాప్టిజం ఇచ్చిన చర్చి, తేదీ వరకు తీసుకోండి. కథలు నవ్వుకోవడానికి ఉంచుకోండి.

వయసు నిరూపణ లేకుండానే భూమి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. 1291లో పుట్టిన గిల్బర్ట్‌కు తల్లి పోయిన 1307లోనే, 21 నిండకుండానే, రాజు భూములు ఇచ్చేశాడు. భూమి వచ్చింది గనక 21 నిండి ఉంటాయనుకుని వెనక్కి లెక్కేస్తే పుట్టిన ఏడు తప్పుతుంది.

## కోర్టు తగాదాలు, పోప్ అనుమతులు

భూమి దావాల్లో వాది తన హక్కు చూపించడానికి ముత్తాత నుంచి వంశక్రమం చెప్పేవాడు. నాలుగైదు తరాలు ఒక్క పేరాలో దొరికేస్తాయి. ఈ కోర్టు చుట్టల ఫోటోలను హ్యూస్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 'ఆంగ్లో అమెరికన్ లీగల్ ట్రెడిషన్' పేరుతో ఉచితంగా ఆన్‌లైన్లో పెట్టారు. విజయవాడలో కూర్చుని 14వ శతాబ్దపు తోలుచుట్టను జూమ్ చేసి చదువుకోవచ్చు. అయితే ఎదుటి పక్షం ఒప్పుకున్న వంశక్రమానికి ఉన్న విలువ వాది ఒక్కడే చెప్పినదానికి లేదు. గెలవడానికి ఎవరైనా ఏమైనా చెబుతారు. తీర్పు దాకా చదవండి.

ఫీట్ ఆఫ్ ఫైన్స్ అనేవి 1195 నుంచి ఉన్న రాజీ పత్రాలు. ఒకే తోలు మీద మూడుసార్లు రాసి, వంకర గీత వెంట కత్తిరించి, రెండు ప్రతులు పక్షాలకు, అడుగు భాగం ఖజానాకు. పెళ్ళి సమయంలో భార్యాభర్తల పేర కలిపి భూమి రాసే ఒప్పందాలు ఎక్కువగా వీటిలోనే.

పోప్ కార్యాలయపు రిజిస్టర్లు మాత్రం చాలామంది మర్చిపోతారు. మనకు మేనరికం మామూలు. అక్కడ 1215 తర్వాత నాలుగో తరం దాకా, అంటే ముత్తాత తండ్రి ఒకరే అయినా పెళ్ళి కుదరదు. పోప్ అనుమతి కావాలి. ప్రభు కుటుంబాలన్నీ ఎప్పుడో ఒకప్పుడు వియ్యమందినవే గనక అనుమతులు కుప్పలుగా ఉన్నాయి. "మూడో తరంలోనూ నాలుగో తరంలోనూ చుట్టాలు" అని అందులో ఉంటే, రెండు వృక్షాల్లో ఉమ్మడి పూర్వీకుడు ఏ మెట్టు మీద ఉన్నాడో చెప్పినట్టే. మీరు కట్టిన వృక్షంలో ఆ మెట్టు మీద అలాంటి మనిషి లేకపోతే ఎక్కడో ఒక గీత తప్పింది.

## 1230లకు ముందు

విచారణలు లేని కాలంలో దారి సన్నబడుతుంది. ఊరూరి భూముల లెక్క రాసిన 1086 నాటి డూమ్స్‌డే పుస్తకంలో ఈ వంశ మూలపురుషుడు "గిల్బర్ట్ కొడుకు రిచర్డ్" అని ఉంటాడు. ఇంటి పేరు ఇంకా లేదు. ఓపెన్ డూమ్స్‌డే సైటులో అతని ఊళ్ళు మ్యాపు మీద చూడొచ్చు. పన్నుల లెక్కల పైప్ రోల్స్‌లో మిగిలిన మొదటిది 1130ది, ఆ తర్వాత వరుసగా దొరికేవి 1150ల మధ్య నుంచే.

ఇక మిగిలేవి మఠాలకిచ్చిన దాన పత్రాలు. క్లేర్లు పోషించిన స్టోక్ బై క్లేర్ మఠం పత్రాల పుస్తకం అచ్చయింది. దాత "నా తండ్రి ఆత్మ కోసం, నా తల్లి ఆత్మ కోసం" అని పేర్లతో రాయిస్తాడు. కింద సాక్షుల్లో తమ్ముళ్ళు, మేనల్లుళ్ళు ఉంటారు. తేదీ మాత్రం చాలావాటికి ఉండదు. సాక్షుల్లో ఒక బిషప్ ఉంటే ఆయన పదవిలో ఉన్న ఏళ్ళను బట్టి కట్టుకోవాలి. లాటిన్‌లో నెపోస్ అంటే మనవడూ కావచ్చు, మేనల్లుడో అన్న కొడుకో కూడా కావచ్చు. ఇంకో ఆధారం లేకుండా ఏదో ఒకటి తేల్చేయకండి.

మఠాల్లో సన్యాసులు తమ పోషకుల వంశ చరిత్రలు రాశారు. ట్యూక్స్‌బరీ మఠంలో సుమారు 1500లో తయారైన పోషకుల పుస్తకం ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. కవచాలు వేసుకున్న ప్రభువుల బొమ్మలు చాలా బాగుంటాయి. కానీ మూడు నాలుగు వందల ఏళ్ళ కిందటి సంగతికి అది సాక్షి కాదు. 1530 నుంచి 1688 వరకు హెరాల్డులు (ప్రభువుల వంశ చిహ్నాల వ్యవహారం చూసే అధికారులు) కౌంటీలు తిరిగి రాసుకున్న వంశావళులదీ అదే కథ. తాతముత్తాతల వరకు పర్వాలేదు. అంతకు పైన చాలాచోట్ల గొప్పల కోసం అల్లినవే. జె. హెచ్. రౌండ్ అనే పండితుడు ఇలాంటి దొంగ వంశావళుల గుట్టు విప్పడంలోనే సగం జీవితం గడిపాడు.

## వీలునామాల్లో వారసుడు కనిపించకపోతే

కంగారు పడకండి. 1540 దాకా మామూలుగా భూమిని వీలునామాలో ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు. వీలునామాలో ఉండేవి వెండి గిన్నెలు, పరుపులు, గుర్రాలు, మఠాలకు దానాలు. పెద్ద కొడుకు భూమి ఎలాగూ తీసుకుంటాడు గనక అతని పేరే ఉండకపోవచ్చు. ఎలిజబెత్ 1355లో రాయించిన పొడవాటి వీలునామాలో నౌకర్ల పేర్లు కూడా ఉన్నాయి. ఆమె ఆదుకున్న కేంబ్రిడ్జిలోని క్లేర్ కాలేజీ ఇవాళ్టికీ ఆమె పుట్టింటి పేరుతోనే ఉంది.

## ఇప్పుడు మన ప్రశ్నకు జవాబు కట్టండి

నోట్సులో ఒక్కో మనిషికి ఒక పేజీ, ఒక్కో గీతకు ఒక సాక్ష్యం. సాక్ష్యం పక్కన మూడు గుర్తుల్లో ఒకటి పెట్టండి: ఆ కాలపు రికార్డు, తర్వాతివాళ్ళు రాసినది, నా ఊహ. మూడో గుర్తు ఉన్న గీతను చుక్కలతోనే గీయండి.

ఎలిజబెత్ 1360 నవంబరులో పోయింది. కొడుకు విలియం, అల్‌స్టర్ ఎర్ల్, 1333లోనే ఐర్లండ్‌లో హత్యకు గురయ్యాడు. కాబట్టి సి 135లోని ఆమె విచారణలో వారసురాలిగా వచ్చేది మనవరాలు ఎలిజబెత్, మూడో ఎడ్వర్డ్ కొడుకు లయనెల్ భార్య. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు ఫిలిప్పా 1355లో పుట్టింది, మార్చ్ ఎర్ల్ ఎడ్మండ్ మోర్టిమర్‌ను పెళ్ళాడింది. వాళ్ళ కొడుకు రోజర్ 1398లో ఐర్లండ్‌లో చనిపోయాడు. రోజర్ కొడుకు ఎడ్మండ్ 1425 జనవరిలో పిల్లల్లేకుండా పోయాడు. అప్పుడు జ్యూరీలు చెప్పిన వారసుడు అతని అక్క ఆన్ కొడుకు, అంటే మేనల్లుడు రిచర్డ్, యార్క్ డ్యూక్. ఈ విచారణలు సి 139లో ఉన్నాయి. 1418 నుంచి 1447 వరకు విచారణల సారాంశాలు 'మ్యాపింగ్ ది మెడీవల్ కంట్రీసైడ్' సైటులో ఉచితంగా వెతుక్కోవచ్చు, జ్యూరీ సభ్యుల పేర్లతో సహా. రిచర్డ్ కొడుకు 1461లో నాలుగో ఎడ్వర్డ్‌గా గద్దెనెక్కాడు, దాంతో ఎలిజబెత్ వాటా రాజు ఆస్తిలో కలిసింది.

మొదటి సాధనకు ఆ 1425 విచారణలే తీసుకోండి. ఇంగ్లిష్‌లో ఉన్నాయి, లాటిన్ అక్కర్లేదు. కౌంటీల వారీగా రిచర్డ్ వయసు ఎంత చెప్పారో పట్టిక వేసి, అతను 1411లో పుట్టాడన్న లెక్కతో పోల్చి చూడండి. అది చేతికి అలవాటైతే నేషనల్ ఆర్కైవ్స్ సైటులోని ఉచిత పాఠాలతో లాటిన్, పాత చేతిరాత మొదలుపెట్టొచ్చు. ఆ తర్వాత మిగతా ఇద్దరు అక్కల వాటాలున్నాయి. మార్గరెట్ కూతుర్ని 1336లో రాల్ఫ్ స్టాఫర్డ్ ఎత్తుకుపోయి పెళ్ళాడాడు, అక్కడి నుంచి బకింగ్‌హామ్ డ్యూకుల దాకా వెళ్ళొచ్చు. ఎలినోర్ వాటా డిస్పెన్సర్ల నుంచి బోషాంప్‌లకు, వాళ్ళ నుంచి నెవిల్‌లకు పోయి, మూడో రిచర్డ్ రాణి ఆన్ దగ్గర తేలుతుంది.